కాలేజీ పిల్లోళ్లకు పలకాబలపం ఎందుకు?



మూడు దినాలుగా మన గ్రూపులో ఒక తీర్మానం తిరుగుతా ఉండాది. ఆదివారం పూట హోసూరులో జరిగే కాలేజీ పిల్లోళ్ల తెలుగు తరగతిని ఎత్తేసి, చిన్నపిల్లల తరగతిలో కలిపేయాలంట. అందరికీ ఒకటే వాచకం, ఒకటే అయివారు, ఏడాది కడాన శతక పద్యాలు అప్పజెప్పే పోటీ, గెలిచినోళ్లకు ఉగాది వేదిక మీద షీల్డు. ఈ తీర్మానం కింద బొటనవేలి బొమ్మ పెట్టినోళ్లు ఇరవై ముగ్గురు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో ఫోన్లో చెప్తే సగమే వింటారు, అందుకని రాస్తా ఉండాను. కొంచెం నిడివిగా ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందే ఒక మాట. నేను మాట్లాడే తెలుగులోనే రాస్తాను. "ఉండాను" కాదు, "ఉన్నాను" అని దిద్దే పెద్దలు ఈ గ్రూపులో ఉండారని నాకు తెలుసు. వాళ్లకు కూడా ఇందులో జవాబు ఉండాది. అది కింద వస్తుంది.

నేను పండితుణ్ణి కాను. రైల్వేలో పార్శిల్ ఆఫీసులోనూ బుకింగులోనూ ముప్పై నాలుగేండ్లు గుమాస్తా పని చేసి రిటైరైనోణ్ణి. ఒకటో తరగతి నుంచి కడదాకా తమిళ మీడియం. తమిళం నాకు ఉద్యోగం ఇచ్చింది, ప్రాణస్నేహితుల్ని ఇచ్చింది. ఆ భాష మీద నాకు కోపం లేదు, ఈ రాతలో దాని మీద ఒక్క రాయి కూడా పడదు. తెలుగు మా ఇంటి మాట. అక్షరాలు మాత్రం నేను నేర్చింది నలభై దాటినాక, కుప్పం వైపు డ్యూటీ పడినప్పుడు. స్టేషన్ బోర్డు మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడూ ఉంటాయి కదా, ఇంగ్లీషును పట్టుకొని తెలుగును విప్పుకుంటా పోయినాను. ఆ బోర్డే నా వాచకం. కాబట్టి పెద్ద వయసులో, తమిళం చదివిన కండ్లతో తెలుగు అక్షరాల్ని చూస్తే ఎట్ల ఉంటుందో నాకు తెలుసు. తీర్మానం రాసినోళ్లు ఆరేండ్లకే తెలుగు బడిలో కూర్చున్నోళ్లు. వాళ్లకు తెలిసే దారి లేదు.

ఈ పిల్లోళ్లు ఎవరో చూద్దాం. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడాది ఒకటో తరగతిలో చేరినోళ్లతో మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున మొదటి భాషగా తమిళం తప్పనిసరి అయింది. ఆ మొదటి జట్టు 2015-16లో పదో తరగతికి వచ్చింది. అప్పటి నుంచి మనోళ్లు కోర్టు మెట్లెక్కి మినహాయింపులు తెచ్చుకుంటా వచ్చినారు, 2023లో సుప్రీంకోర్టు దాకా పోయినారు. మంచిదే. అయితే మినహాయింపు పరీక్షకే గానీ, బడిలో తెలుగు అయివారు రిటైరైతే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెట్టదు. ఇప్పుడు మన కాలేజీల్లో ఉండే పిల్లోళ్లంతా ఆ చట్టం వచ్చినాక బడికి పోయినోళ్లే. వాళ్లలో "నాకు తెలుగు వద్దు" అని చెప్పి మానేసినోడు ఒక్కడు కూడా లేడు. పోయిన సమావేశంలో వాళ్లను "సోమరులు" అన్నారు చూడండి, ఆ మాట వెనక్కి తీసుకోవాల.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మా మాతృభాష అని రాయించుకున్నోళ్లు సుమారు 42 లక్షల మంది. రాయించుకున్నోళ్లే, రాయగలిగినోళ్లు కాదు. 2024 జూన్‌లో మన కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ గారు లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసినప్పుడు ఆ వీడియో ఈ గ్రూపులో ఎన్నిసార్లు వచ్చిందో గుర్తుందా? నాకే తొమ్మిది మంది పంపినారు. సంతోషంగానే చూసినాను. కానీ పంపిన ఆ తొమ్మిది ఇండ్లల్లో, ఆ ప్రమాణాన్ని కాగితం మీద పెడితే చదివే పిల్లోడు ఎంతమంది ఇండ్లల్లో ఉండాడు? నేను లెక్క చూసినాను. రెండిండ్లల్లో. ఆ రెండిండ్ల పిల్లోళ్లూ మీరు ఎత్తేయాలని చూసే తరగతిలో నేర్చుకున్నోళ్లే.

"అందర్నీ ఒక చోట కూర్చోబెడితే ఏం పోయింది?" అని ఒక అన్న రాసినారు. అది చేసి చూసినారు కదా. పోయిన ఆడి నెలలో గది దొరకలేదని నాలుగు ఆదివారాలు చిన్నోళ్లనూ పెద్దోళ్లనూ కలిపి కూర్చోబెట్టినారు. బీఎస్సీ రెండో ఏడాది చదివే ఒక పాప, ఆరేండ్ల పిల్లోడి పక్కన కూర్చొని "ఋ" దిద్దతా ఉండాది. ఆ చిన్నోడు ఆమె పలక చూసి "అక్కకు రాయడం రాదు" అని గట్టిగా అన్నాడు. వాడిది తప్పు కాదు, నిజమే చెప్పినాడు. పెద్దోళ్లంతా నవ్వినారు. ఆమె కూడా నవ్వింది. మళ్ల ఆదివారం రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. మొదట్లో 19 మంది ఉండే తరగతి ఆ నాలుగు వారాల్లో 11కు వచ్చింది. ఇప్పుడు ఆ 11ని చూపించి "మంది లేరు, కలిపేద్దాం" అంటా ఉండారు. పంటను మేపేసి, దిగుబడి లేదు కాబట్టి చేను అమ్మేద్దాం అన్నట్ల ఉండాది.

పద్ధెనిమిది దాటినోడికి సిగ్గు ఉంటుంది. వాడు బస్సులో ఇంగ్లీషు మాట్లాడతాడు, కంపెనీలో అప్రెంటిసుకు పోయి మెషీను నడుపుతాడు, ఇంట్లో కరెంటు బిల్లు కట్టేది వాడే. అట్లాంటోణ్ణి పట్టుకొని "ఉ అంటే ఉడుత" అంటే ఉడుత కనబడదు, అవమానం కనబడుతుంది. రైల్వేలో మా కింద కొత్తగా చేరే పిల్లోళ్లకు పని నేర్పేటప్పుడు పాతకాలపు హెడ్‌క్లర్కు ఒకాయన ఉండె. రూల్సు పుస్తకం, టారిఫ్ పుస్తకం బీరువాలోనే పెట్టి తాళం వేసేవాడు. మొదటి దినమే చేతిలో ఒక వే బిల్లు పెట్టి, "ఈ పూలబుట్ట బెంగళూరు నుంచి వచ్చింది, ఎంత తూకం, ఎంత చార్జీ, ఎవరికి పోవాల, నువ్వే చూసి చెప్పు" అనేవాడు. వాడు తడుముకుంటా ఉంటే పక్కనే నిలబడి ఉంటాడు, నోరు తెరవడు. అడిగితేనే చెప్తాడు. నెల తిరిగేసరికి ఆ పిల్లోడు కౌంటరు మీద ఒంటిగా కూర్చునేవాడు. నాకు చదువు చెప్పడంలో ట్రైనింగు ఏదన్నా ఉంటే ఆయన దగ్గిర చూసిందే. కాలేజీ పిల్లోళ్లకు చెప్పే పద్ధతి కూడా అదే అని నా వాదన.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా. కొంచెం నిదానంగా చదవండి, ఎందుకంటే తీర్మానంలో దీని ఊసే లేదు.

మన పిల్లోళ్లు చదువు రానోళ్లు కాదు. తమిళం చక్కగా చదివి రాస్తారు. 12 అచ్చులు, 18 హల్లులు, అవి కలిస్తే 216 అక్షరాలు అని చిన్నప్పుడే నేర్చినారు. గుణింతం అనే మాట తెలీదు గానీ, గుణింతం తెలుసు. ఎ, ఏ తేడా, ఒ, ఓ తేడా తమిళంలోనూ ఉండాది కాబట్టి అదీ తెలుసు. ఇన్ని తెలిసినోణ్ణి ఆరు నెలలు "అ ఆ ఇ ఈ" దిద్దమంటే, కారు నడిపేవాణ్ణి సైకిలు మీద ఎక్కించి వెనక పట్టుకొని పరిగెత్తినట్ల ఉంటుంది. వాళ్లకు తెలీనివి మూడే. ఆ మూడింటి మీద కూర్చోవాల.

మొదటిది క, గ తేడా. తమిళంలో ఈ రెండిటికీ ఒకటే అక్షరం. మాట మొదట్లో ఉంటే ఒక రకంగా, నడుమ ఉంటే ఇంకో రకంగా, జాగాను బట్టి పలుకు మారుతుంది. ప, బ అంతే. త, ద అంతే. ఆ అలవాటుతో మన పిల్లోడు తెలుగులో "తాత" అని ఉంటే "తాద" అని చదువుతాడు, "బాబు" రాయమంటే "పాపు" రాస్తాడు. దీన్ని చూసి ఉచ్చారణ దోషం అని నెత్తి కొట్టుకున్నారు ఒక అయివారు. దోషం ఏడుండాది సామీ? ఆ పిల్లోడు ఇంటికి పోయి "తాతా" అని పిలిచేటప్పుడు సరిగ్గానే పిలుస్తాడు కదా. కూడు, గూడు. పాట, బాట. కంప, గంప. నోటితో అడిగి చూడండి, ఒక్కడు కూడా తడబడడు. చెవికి తెలుసు, నోటికి తెలుసు, కంటికి ఒక్కదానికే తెలీదు. కాబట్టి పలకడం నేర్పే పని లేదు. ఈ జంటమాటల్ని బోర్డు మీద రాసి, వాళ్ల నోట్లో ఉండే తేడా అక్షరంలో ఎక్కడుండాదో చూపిస్తే చాలు. ఒక్క ఆదివారం పని.

దాని వెంటనే పేర్లు. పుట్టినప్పటి నుంచి తమిళంలో "కణేష్" అనే అక్షరాలతో పేరు రాసుకున్న అబ్బోడు, మొదటిసారి "గ" పెట్టి "గణేశ" అని రాసుకున్నాడు. రాసి, ఫోటో తీసి, వాళ్లమ్మకు పంపినాడు. వాళ్లమ్మకూ చదవను రాదు. అది వేరే కథ.

రెండోది వత్తక్షరాలు, అంటే ఖ, ఘ, ధ, భ లాంటివి. ఇవి తమిళంలో లేవు. వర్ణమాలలో వరసగా వస్తాయని మొదటి నెలలోనే అన్నీ బోర్డు మీద పెట్టి భయపెట్టడం ఎందుకు? మన ఇంటి మాటల్లో అవి శానా తక్కువ. ధర, ఖర్చు, భూమి, కథ అని మాట వచ్చినప్పుడు ఆ అక్షరం చూపిస్తే సరిపోతుంది. ఝ లేకపోయినా సంసారం జరుగుతుంది.

మూడోదే అసలు కష్టం, ఒత్తులు. తమిళంలో మొదటి హల్లు మీద చుక్క పెట్టి, రెండో హల్లును పక్కన నిండుగా రాస్తారు. తెలుగులో మొదటిది నిండుగా ఉంటుంది, రెండోది దాని కింద దూరుతుంది. అంతటితో అయిపోతే బాగుండు. "రైల్వే" అని రాసినామనుకోండి. ఏత్వం ల మీద కూర్చుంటుంది, పలికేటప్పుడు మాత్రం కింద ఉండే వ తర్వాత వస్తుంది. తమిళం కండ్లకు ఇది మహా వింత. నాకు ఈ ఒక్క సంగతి అర్థం కావడానికి కుప్పంలో ఒక వేసవి పట్టింది. తరగతిలో దీనికి మూడు ఆదివారాలు ఇస్తాము. అక్క, అమ్మ, అవ్వ, అన్నతో మొదలుపెట్టి, తర్వాత పుస్తకం, ఆస్తి, కడాన రాష్ట్రం. ఇంట్లో నిండా ఒత్తులే ఉండాయి కదా అని ఒక పాప అనింది. నిజమే, మన చుట్టరికాలన్నీ ఒత్తులతోనే ఉండాయి.

ఇంకొకటి ఉండాది, ఇది నేర్పాల్సింది కాదు, పిల్లోళ్లకు ఇష్టమైంది. తమిళంలో నాలుక మడిచి పలికే ఆ ప్రత్యేకమైన ళకారం ఉన్న శానా మాటల్లో తెలుగులో డ ఉంటుంది. వాళ్లు ఏళు అంటే మనం ఏడు, వాళ్లు కోళి అంటే మనం కోడి, వాళ్ల నిళల్ మన నీడ. అట్లనే తమిళంలో "కొంబు" అంటే ఎకారం గుర్తు, తెలుగులో "కొమ్ము" అంటే ఉకారం గుర్తు. పేరు ఒకటే, ఉద్యోగం వేరే. ఇట్లాంటివి చెప్తే తమిళం తెలిసిన మెదడు తెలుగుకు అడ్డం కాదు, నిచ్చెన అవుతుంది. ఆంధ్రలో అచ్చేసిన వాచకంలో ఈ నిచ్చెన ఉండదు. అది ఏ భాషా చదవని ఆరేండ్ల పిల్లోడికి రాసింది. ఆ పిల్లోడికి అది మంచిదే. నేను చిన్నపిల్లల తరగతి మీద ఒక్క మాట కూడా అనడం లేదు, అది బాగా జరగతా ఉండాది.

ఎనిమిదో ఆదివారానికి అక్షరాలు చేతికి వస్తాయి. ఆ తర్వాత చదివేది ఏంది? చిలుక పాఠమా? మేము ఏం చేసినామంటే, "మీ ఇంట్లో తెలుగులో రాసిన కాగితం ఏదన్నా ఉంటే తెండి" అన్నాము. మొదట ఎవరూ నమ్మలేదు, మా ఇంట్లో ఏముంటుంది అన్నారు. మళ్ల వారం చూస్తే బల్ల నిండింది. చిత్తూరు వైపు చుట్టాల పెండ్లిపత్రికలు, ఎవరో అత్త రాసిన పాత కార్డులు, తాత కాలపు భూమి పత్రం, పాత సినిమా పాటల పుస్తకం, కులదేవత గుడి చందా రసీదు. ఒక అబ్బోడు వాళ్ల ముత్తాత అప్పుల పుస్తకం తెచ్చినాడు. ఎవరెవరికి ఎన్ని సేర్ల రాగులు, ఎంత దుడ్డు ఇచ్చినాడో, అంకెలు కూడా తెలుగు అంకెల్లో. ఆ అంకెలు నేర్చుకోను అర్ధగంట పట్టింది. ఎవరు చెప్పినా నేర్చుకోనోళ్లు తామే నేర్చుకున్నారు, ఏమంటే ఎవరి తాత ఎంత బాకీ ఉండాడో తెలుసుకోవాల కదా. అప్పు తీసుకున్న ఇంటి పిల్లోడు కూడా మా తరగతిలోనే ఉండాడు. ఆ దినం మధ్యాహ్నం ఒంటిగంటైనా ఎవరూ లేవలేదు.

చదువు మనిషికి పనికొచ్చే చోట తగిలితే ఏం జరుగుతుందో తెలుగుదేశం చూసిన సంగతే. నెల్లూరు జిల్లాలో 1990ల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం జరిగింది. రాత్రి బడుల్లో ఆడోళ్లకు ఇచ్చిన వాచకంలో చిలుక, ఉడుత కాదు, సారా వల్ల కూలిపోయిన సంసారం కథ ఉండె. దూబగుంటలో ఆడోళ్లు ఆ పాఠం చదివి ఊరుకోలేదు, 1992లో సారా అంగడిని మూయించినారు. అది జిల్లా అంతా అంటుకొనింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. వాళ్లు పగలంతా కూలిపని చేసి రాత్రి లాంతరు కింద కూర్చున్న పెద్దోళ్లు. వాళ్లకు శతకం పోటీ పెట్టి షీల్డు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

శతకాలకు నేను వ్యతిరేకం కాదు, ఇది మళ్ల గొడవ కాకూడదు. మా తరగతిలో వేమన పద్యం ఒకటి చదివి దాని మీద గంటసేపు కొట్లాడుకున్నారు, ఇద్దరు బయటికి పోయి టీ అంగడి దగ్గిర కూడా కొట్లాడుకున్నారంట. అది చదవడం. అర్థం తెలీకుండా నలభై పద్యాలు గుక్క తిప్పకుండా అప్పజెప్పేది టేపు రికార్డరు కూడా చేస్తుంది.

"ఇరవై ఏండ్లు వచ్చినాక నాలుక తిరగదు, మనసుకెక్కదు" అని ఒక పెద్దాయన అన్నారు. సి.పి. బ్రౌన్ మద్రాసులో దిగింది 1817లో, అప్పటికి ఆయనకు పద్ధెనిమిదేండ్లు. మన బీకాం పిల్లోడి వయసు. ఒక్క తెలుగు ముక్క తెలీదు. పన్నెండేండ్లు తిరిగేసరికి, 1829లో, వేమన పద్యాలు అచ్చేయించినాడు. 1850ల్లో నిఘంటువు వేసినాడు. మన పిల్లోళ్లకు ఆయనకు లేని సౌకర్యం ఒకటుండాది, అమ్మ తెలుగులో తిడుతుంది.

"ఆదివారం బడి అంటేనే చిన్నోళ్ల వ్యవహారం" అని ఇంకొకరు. ఇది ఎక్కడి నుంచి వచ్చిన మాటో నాకు తెలీదు. ఇంగ్లండు పక్కన వేల్స్ అని ఒక దేశం ఉండాది. దానికి వెల్ష్ అని సొంత భాష ఉండాది. అక్కడ ఒకప్పుడు వారం దినాల బడులు ఇంగ్లీషువి. 18వ శతాబ్దం కడాన థామస్ చార్లెస్ అనే మతగురువు ఆదివారం బడులు పెట్టించి వెల్ష్‌లో చదవడం నేర్పించినాడు. ఆ బడుల్లో పిల్లోళ్లే కాదు, పెద్దోళ్లు, ముసిలోళ్లు కూడా కూర్చున్నారు, పెద్దోళ్లకు వేరే తరగతులు. వాళ్లు చదివింది బైబిలు, మనం చదివేది అప్పుల పుస్తకం, దాన్ని వదిలేయండి. వారమంతా వేరే భాషలో చదువుకునే జనం, ఒక్క ఆదివారంతో ఇంటి భాష చదవడం నిలుపుకున్నారు. మన హోసూరు పరిస్థితికి ఇంతకన్నా దగ్గిరి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇంక "ఉండాది" గురించి. తీర్మానంలో "మన పిల్లల భాషను సరిదిద్దే స్థాయి గల అయివారు" అని ఒక ముక్క ఉండాది. సరిదిద్దడం అంటే ఏంది? "వస్తా ఉండాను" అన్న పిల్లను తరగతి ముందర నిలబెట్టి "వస్తున్నాను" అని పదిసార్లు అనిపించడమా? అది కూడా జరిగింది, చేసినోళ్ల పేరు చెప్పను. ఆ పిల్ల వాళ్లవ్వ దగ్గిర నేర్చుకున్న మాట అది. తమిళ బడిలో పన్నెండేండ్లు చదివి కూడా పోగొట్టుకోకుండా కాపాడుకొని వచ్చింది. ఆ ఒక్కదాన్ని కూడా తప్పు అంటే, ఇంక ఆమె దగ్గిర తెలుగు అనేది ఏముండాది? చిత్తూరు జిల్లా మాటలో నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు కథలు రాస్తే తెలుగుదేశమంతా చదివినారు. పులికాట్ సరస్సు చుట్టూ ఉండే ఊళ్ల మాటలో స.వెం. రమేశ్ గారు ప్రళయకావేరి కథలు రాసినారు. వాళ్ల మాట పుస్తకంలోకి ఎక్కితే సాహిత్యం, మన పాప నోట్లో ఉంటే దోషమా?

ఆగస్టు 29న ప్రతి ఏడూ గిడుగు రామమూర్తి గారి పటానికి మన సంఘం పూలమాల వేస్తుంది. ఆయన ఏం చేసినారో ఆ దినం ఎవరన్నా చెప్పినారా? జనం మాట్లాడే తెలుగులో చదువు ఉండాలని జీవితమంతా పోరాడినారు. అంతకన్నా ముందు పర్లాకిమిడిలో సవరల దగ్గిరికి పోయి, వాళ్ల భాష తాను నేర్చుకొని, వాళ్ల భాషలో పుస్తకాలు రాసి, సవర పిల్లోళ్లకు బడులు పెట్టినారు. నేర్పేవాడు ముందు నేర్చుకున్నాడు. ఆయన పటానికి మాల వేసే చేత్తోనే "ఉండాది" అన్న పిల్లను నిలబెడితే ఆయనకు ఎట్ల ఉంటుంది?

పిల్లోళ్లకు పత్రికల తెలుగు కూడా రావాల, కాదనను. ఇంట్లో "ఉండాది", పేపర్లో "ఉంది" అని రెండూ పక్కపక్కన రాసి చూపిస్తే వాళ్లే పట్టుకుంటారు. తమిళంలో కూడా మాట్లాడేది వేరే, రాసేది వేరే కదా, ఆ సంగతి వాళ్లకు కొత్త కాదు.

తెలుగు తెలిసినోళ్లంతా తెలుగు చెప్పగలరు అనుకోవడం దగ్గిరే ఈ గొడవంతా పుట్టింది. ఒక ఆదివారం వెనక బెంచీలో గడియారం పెట్టుకొని కూర్చున్నాను. గంట తరగతిలో అయివారు మాట్లాడింది యాభై నిముషాలు, అందులో ఇరవై తెలుగు గొప్పతనం మీద. మిగిలిన పది నిముషాలు పదకొండు మందికి పంచితే తలకు నిముషం కూడా రాలేదు. గుమాస్తాలకు ఇట్లాంటి లెక్కలు బాగా వస్తాయి. చదవడం వచ్చేది చదివినోడికే, అయివారికి వచ్చిందే మళ్ల వస్తే ఏం లాభం? అందుకే నా తరగతిలో నేను పావుగంటకన్నా ఎక్కువ మాట్లాడను. ఒకరు మాట దగ్గిర ఆగిపోతే, పక్కోళ్లు అందించకూడదు, నేను అందించకూడదు, పది లెక్కపెట్టే దాకా ఊరికే ఉండాల. ఊరికే ఉండడం ఎంత కష్టమో చేసి చూసినోళ్లకే తెలుసు. నోటి దాకా వస్తుంది, మింగాల. శానా సార్లు ఏడో లెక్కకే వాళ్లు చదివేస్తారు.

"దీనివల్ల ఉద్యోగం వస్తుందా?" అనే ప్రశ్నకు నేరుగా చెప్తాను. రాదు. టీఎన్‌పీఎస్సీ పరీక్షకు తమిళం కావాల, కంపెనీకి ఇంగ్లీషు కావాల. ఈ సంగతి పిల్లోళ్లకు మనకన్నా బాగా తెలుసు. తెలిసే వస్తా ఉండారు. ఉన్న ఒక్క సెలవు దినం పొద్దున, ఎవరూ బలవంతం చేయకుండా, కెలమంగలం నుంచి, బాగలూరు నుంచి, ఒకడు కృష్ణగిరి నుంచి బస్సు చార్జీ పెట్టుకొని వస్తా ఉండాడు. లాభం చూసుకొని వచ్చేవాడికన్నా వీళ్లకు మనం ఎక్కువ బాకీ ఉండాము.

కాబట్టి ఆదివారం సర్వసభ్య సమావేశంలో నేను ఈ తీర్మానానికి వ్యతిరేకంగా చెయ్యి ఎత్తుతాను. దానికి బదులు నేను అడిగేది ఇంతే. కాలేజీ తరగతికి వేరే గది, వేరే వేళ. ఆ తరగతికి చెప్పాలనుకునే ఎవరైనా సరే, ఎంత పండితులైనా సరే, ముందు ఎనిమిది ఆదివారాలు వెనక బెంచీలో కూర్చొని చూడాల. తమిళం నుంచి తెలుగుకు దారి చూపించే చిన్న పుస్తకం ఒకటి మనమే రాసుకొని జెరాక్సు తీయించాల. నా దగ్గిర నలభై పుటల రాత ఉండాది, దిద్దేవాళ్లు దిద్దండి, "ఉండాది"ని మాత్రం వదిలేయండి. ఖర్చు ఎంత అంటారా, ఉగాదికి వేదిక మీద కప్పే శాలువాల్లో నాలుగు తగ్గిస్తే ఏడాది జెరాక్సు అయిపోతుంది. నాకు కప్పాల్సిన శాలువాతోనే మొదలుపెట్టండి.

రాకుండా పోయిన ఆ ఎనిమిది మంది ఇండ్లకు నేను పోయి వస్తా ఉండాను. ఐదిండ్లు అయినాయి. బీఎస్సీ పాప వాళ్లమ్మ కాఫీ ఇచ్చింది, పాప బయటికి రాలేదు. మళ్ల పోతాను.

ఈ ఆదివారం సమావేశానికి ముందు, పొద్దున పది గంటలకు తరగతి మామూలుగానే ఉంటుంది. తీర్మానానికి బొటనవేలు పెట్టినోళ్లు ఇరవై ముగ్గురూ రావచ్చు, వెనక బెంచీలు ఖాళీగానే ఉండాయి. అప్పుల పుస్తకంలో ఇంకా పదిహేను పుటలు మిగిలినాయి. అందులో మీ తాత పేరు ఉండాదేమో అని అనుమానం ఉన్నోళ్లు శనివారం రాత్రిలోగా నాకు ఫోను చేయండి, ఆ పుట దాటేస్తాము.